వాడడం నేర్చినవాళ్ళు పారేయడమూ నేర్వాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సంఘం కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "అన్నా, బడి జ్ఞాపకాలు అందరూ చెబుతారు. నువ్వు నీ పని గురించి చెప్పు. అదేమో మాకెవరికీ సరిగ్గా తెలీదు" అన్నాడు. ఆయన అన్నది నిజమే. మా అవ్వకు కూడా నా పని ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. హైదరాబాదులో ఒక పరిశోధనా సంస్థలో ఇంజనీరునని చెబితే సంతోషించింది. అక్కడేం చేస్తావని అడిగితే, వాళ్ళు వాడి పారేసే పదార్థాలు ఎవరికీ హాని చేయకుండా చూసే పని అన్నాను. "ఇంత సదివి కసువెత్తేదానికా పోతివి నాయనా" అంది. అవ్వ మాట తప్పేమీ కాదు. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్నది కసువెత్తే పనే. కాకపోతే ఆ కసువు కంటికి కనపడదు, వాసన రాదు, ముట్టుకుంటే కాలదు. ఈరోజు దాని గురించే నాలుగు మాటలు చెబుతాను.

ముందు భయం తీసేసుకుందాం. రేడియోధార్మికత అనగానే బాంబు గుర్తుకొస్తుంది. కానీ అది మనతోనే ఉంది. అక్కమాంబ కొండను చూస్తూ పెరిగినవాళ్ళం మనం. గ్రానైట్ జాతి రాళ్ళలో యురేనియం, థోరియం స్వల్పంగా ఉంటాయి. మన ఒంట్లో ఉన్న పొటాషియంలోనూ రవ్వంత భాగం రేడియోధార్మికమే. పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన పెట్టుకొని నడిచిన పెట్రోమాక్స్ లైట్లు మీకు గుర్తుండే ఉంటాయి. ఆ తెల్లని వెలుగుకు కారణం మాంటిల్‌కు పూసిన థోరియం. భూమి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ఏడాదికి అందే రేడియేషన్ ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు. దీనికి అదనంగా, మనుషులు చేసే పనుల వల్ల సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ మించకూడదని నియమం. రేడియేషన్‌తో పనిచేసే మాలాంటివాళ్ళకు మన దేశంలో ఐదేళ్ళ సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనైనా 30 హద్దు. కాబట్టి అసలు ఉండకూడదు అనేది కుదరని మాట. ఎంత, ఎక్కడ, ఎవరి చేతిలో ఉందన్నదే ప్రశ్న.

రెండో సంగతి అర్ధాయువు. పిల్లలకు పాఠంలో ఉంది, పెద్దలు మరిచిపోయి ఉంటారు. కళ్ళంలో శెనక్కాయల కుప్ప ఉందనుకోండి. ఈ వారం సగం అమ్మినాం. వచ్చే వారం మిగిలినదాంట్లో సగం, ఆపై వారం మళ్ళీ మిగిలినదాంట్లో సగం. పది వారాలు గడిస్తే కుప్పలో వెయ్యోవంతు మాత్రమే మిగులుతుంది. రేడియోధార్మిక పదార్థం కూడా అలాగే తరుగుతుంది. కాకపోతే ఒక్కోదానికి ఒక్కో గడువు. ఆసుపత్రిలో స్కాన్‌కు వాడే టెక్నీషియం-99ఎం సగం కావడానికి 6 గంటలు చాలు. థైరాయిడ్ వైద్యంలో వాడే అయొడిన్-131కు 8 రోజులు. ఫాస్ఫరస్-32కు 14 రోజుల పైచిలుకు. కోబాల్ట్-60కి 5 ఏళ్ళ పైన, సీజియం-137కు 30 ఏళ్ళు, కార్బన్-14కు 5,730 ఏళ్ళు. ఈ గడువును ఎండబెట్టి గానీ, కాల్చి గానీ, యాసిడ్ పోసి గానీ తగ్గించలేం. మా వృత్తి అంతా ఈ ఒక్క నిజం మీదే నడుస్తుంది.

పరిశోధనశాలలో ఇవెందుకని మీరు అడగవచ్చు. మన హైదరాబాదు నుంచే ఉదాహరణ చెబుతాను. ఉప్పల్ దగ్గర సీసీఎంబీ ఉంది, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం. 1980ల చివర్లో అక్కడ డాక్టర్ లాల్జీ సింగ్ బృందం డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని మన దేశానికి సొంతంగా తయారుచేసింది. బిడ్డకు తండ్రి ఎవరో తేల్చే కేసుల నుంచి రాజీవ్ గాంధీ హత్య కేసు దాకా అది కోర్టుల్లో నిలిచింది. ఆ పద్ధతిలో డీఎన్ఏ ముక్కలను గుర్తుపట్టడానికి ఫాస్ఫరస్-32 తగిలించిన చిన్న డీఎన్ఏ పోగును వాడేవారు. అది వెళ్ళి తన జతను పట్టుకుంటే, పైన పెట్టిన ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లని గీతలు పడతాయి. ఆ గీతలే సాక్ష్యం. దేశంలోని జీవశాస్త్ర ప్రయోగశాలలకు ఇలాంటి ఫాస్ఫరస్-32 పదార్థాలను తయారుచేసి ఇచ్చే 'జొనాకి' ప్రయోగశాల కూడా అదే ఆవరణలో ఉంది. దాన్ని అణుశక్తి శాఖకు చెందిన బ్రిట్ నడుపుతుంది.

ఆ గీతలు పడ్డాక ఏం మిగులుతుంది? చేతి తొడుగులు, ప్లాస్టిక్ గొట్టాలు, పిపెట్ మొనలు, కడిగిన నీళ్ళు, తుడిచిన కాగితాలు. అన్నిటికీ కాస్తో కూస్తో ఫాస్ఫరస్-32 అంటి ఉంటుంది. అక్కడి నుంచి మా పని మొదలవుతుంది.

మాకు మూడు దారులున్నాయి. మొదటిది, ఆగి తరగనివ్వడం. అర్ధాయువు తక్కువున్న వాటిని విడిగా కట్టి, తేదీ రాసి, తాళం వేసిన గదిలో పెడతాం. పది అర్ధాయువులు గడిస్తే వెయ్యోవంతు మిగులుతుంది. ఫాస్ఫరస్-32కు అది సుమారు 5 నెలలు. అయొడిన్-125కు 20 నెలలు. గడువు తీరాక మీటరుతో కొలిచి, చుట్టూ ఉన్న సహజ స్థాయికి వచ్చిందని తేలితేనే మామూలు చెత్తలోకి పంపుతాం. పంపేముందు రేడియేషన్ గుర్తున్న చీటీలన్నీ చింపేస్తాం. గుర్తు అలాగే ఉంటే చెత్తకుప్ప దగ్గర జనం హడలిపోతారు. ఊరికే హడలి హడలి, నిజంగా ప్రమాదం వచ్చిన రోజు ఎవరూ పట్టించుకోరు. రెండోది, పలచన చేసి వదలడం. అతి తక్కువ మోతాదున్న ద్రవాలను అనుమతించిన హద్దులోపల, దానికని కేటాయించిన ఒక్క తొట్టిలోనే, లెక్క రాసి వదులుతాం. మూడోది, కుదించి బంధించడం. ఎక్కువ కాలం బతికే వాటినీ, శక్తివంతమైన మూలాలనూ మా దగ్గర ఉంచుకోము. అమ్మినవాళ్ళకు తిప్పి పంపాలి, లేదా అణుశక్తి శాఖవారి వ్యర్థాల కేంద్రానికి అప్పగించాలి. అక్కడ వాటిని సిమెంటులో బిగించి, కాంక్రీటు కందకాల్లో పెట్టి కాపలా కాస్తారు.

చెప్పడానికి సులువుగానే ఉంది. కష్టమంతా కలగాపులగం కాకుండా చూడడంలో ఉంది. 14 రోజుల ఫాస్ఫరస్ సంచిలో ఎవరో 5,730 ఏళ్ళ కార్బన్ గొట్టం ఒకటి పడేశారనుకోండి. 5 నెలల్లో బయటికి పోవలసిన సంచి మొత్తం మా దగ్గరే ఉండిపోతుంది. బియ్యంలో రాళ్ళు కలిసినట్టు కాదు, ఏరడానికి కనపడవు. అందుకే ఒక్కో ఐసోటోపుకు ఒక్కో డబ్బా, ప్రతి డబ్బా మీద పేరు, తేదీ, మోతాదు, వాడినవారి సంతకం. సూదులకు వేరే డబ్బా. ద్రవం వేరు, ఘనం వేరు.

అడ్డుగోడల్లోనూ తెలివి కావాలి. రేడియేషన్ అంటే సీసం అడ్డం పెట్టాలని అందరూ అనుకుంటారు. ఫాస్ఫరస్-32 నుంచి వచ్చే బీటా కణాలకు సీసం నేరుగా అడ్డం పెడితే ఎక్స్‌కిరణాలు పుడతాయి. దానికి సెంటీమీటరు మందం అక్రిలిక్ పలక సరిపోతుంది. అయొడిన్-125కు పలచని సీసపు రేకు కావాలి. పైగా అయొడిన్ గాలిలోకి లేస్తుంది కాబట్టి గాలిని లాగే అల్మారాలోనే పని చేయాలి, చేసినవాళ్ళ థైరాయిడ్‌ను పరీక్షించాలి. ట్రిటియం ఉంటే మామూలు గీగర్ కౌంటర్ కిమ్మనదు. బల్లను కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని వేరే యంత్రంలో లెక్కపెట్టాలి. మీటరు మోగలేదు కాబట్టి ఏమీ లేదు అనుకోవడం మా వృత్తిలో కూడని మాట.

ఇక్కడ ఒక తెలుగు ఇంజనీరును తలుచుకోవాలి. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు ట్రాంబేలో అణుశక్తి శాఖ ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నడిపి, 1967లో హైదరాబాదులో ఈసీఐఎల్‌ను నిలబెట్టారు. రేడియేషన్ కొలిచే పరికరాల కోసం విదేశాల వైపు చూడవలసిన అవసరాన్ని తగ్గించినవారు ఆయన. కనపడనిదాన్ని కనపడేలా చేసే పరికరం మన చేతిలో ఉందంటే అలాంటివాళ్ళ చలవే.

ఇక అసలు విషయానికొస్తాను. ఇదంతా చదువుకున్నవాళ్ళ గదుల్లో జరిగే తతంగం కదా, కళ్యాణదుర్గంలో కూర్చున్న మాకెందుకు అని మీకు అనిపించవచ్చు. ఢిల్లీలో జరిగింది వినండి.

ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో గామా సెల్ అనే యంత్రం ఉండేది. కెనడాలో తయారైంది. లోపల కోబాల్ట్-60 కడ్డీలు. 1985 నుంచి దాన్ని ఎవరూ వాడలేదు. ఒక మూల పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో పాటు వేలంలో అమ్మేశారు. అది మాయాపురి పాత ఇనుము బజారుకు చేరింది. అక్కడి కూలీలు మామూలు ఇనుమనుకొని దాన్ని విప్పారు. సీసపు కవచం ఊడింది, కడ్డీలు బయటపడ్డాయి. ఒకాయన మెరుస్తున్న ముక్కను పర్సులో పెట్టుకొని తిరిగాడు. ఏప్రిల్ నెలలో ఒకరి తర్వాత ఒకరు ఆసుపత్రిలో చేరారు. చర్మం నల్లబడింది, జుట్టు ఊడింది. అసలు కారణం రేడియేషన్ అని తేలేలోపు రోజులు గడిచిపోయాయి. ఒక కూలి చనిపోయాడు. మిగతావాళ్ళు చాలాకాలం బాధపడ్డారు. దొరికిన కోబాల్ట్‌ను నరోరా అణువిద్యుత్ కేంద్రానికి తరలించారు. అంతర్జాతీయ కొలమానంలో దీన్ని నాలుగో స్థాయి ప్రమాదంగా లెక్కవేశారు.

ఇంజనీరుగా నేను వేసుకున్న లెక్క ఒకటి చెబుతాను. ఆ యంత్రం వచ్చి దాదాపు 40 ఏళ్ళు. కోబాల్ట్‌కు అది ఏడున్నర అర్ధాయువులు. అంటే మొదటి శక్తిలో ఇంచుమించు రెండు వందలవ వంతు మాత్రమే మిగిలి ఉండాలి. ఆ రెండు వందలవ వంతే ఒక మనిషి ప్రాణం తీసింది. పాతబడింది కదా, ఏముంటుందిలే అనే మాటకు ఇదీ జవాబు.

ఇంకా పెద్దది 1987లో బ్రెజిల్‌లోని గోయానియాలో జరిగింది. ఖాళీ చేసి వదిలేసిన ఒక వైద్యశాలలో సీజియం-137 ఉన్న చికిత్సా యంత్రం ఉండిపోయింది. ఇనుము కోసం ఇద్దరు ఎత్తుకుపోయి పగలగొట్టారు. లోపలి పొడి చీకట్లో నీలంగా వెలుగుతుంటే ముచ్చటపడి ఇంటింటికీ పంచారు. నలుగురు చనిపోయారు, వాళ్ళలో ఆరేళ్ళ పాప ఒకటి. లక్షా పన్నెండు వేల మందిని పరీక్షించవలసి వచ్చింది.

ఈ రెండు చోట్లా ఒక్కటే తీరు. వాడినవాళ్ళు శాస్త్రవేత్తలు, డాక్టర్లు. వదిలేసింది సంస్థలు. బాధపడింది ఇనుము ఏరుకొని బతికేవాళ్ళు. మన తాలూకా నుంచి వానలు లేని ఏడాది బస్సులెక్కి బెంగళూరు పోయేవాళ్ళు ఎందరో మీకు తెలుసు. కంబదూరు, కుందుర్పి, శెట్టూరు పల్లెల్లో ఇంటికొకరుంటారు. అక్కడ వాళ్ళకు దొరికే పని ఏది? పాత భవనాలు పడగొట్టడం, పాత సామాను మోయడం, ఇనుము విడగొట్టడం. బావిలో నీళ్ళుంటే ఆ పనికి పోయేవాళ్ళు కాదు. ఒక పరిశోధనశాలలో రిజిస్టరు రాయకపోతే ఆ లెక్క చివరికి మన పల్లె మనిషి ఒంటి మీద పడుతుంది. అందుకే ఈ మాట ఇక్కడ చెప్పడం అవసరం అనుకున్నాను.

నేను చూసింది ఒకటి చెబుతాను. సంస్థ పేరు వద్దు. పదిహేనేళ్ళ కిందట ఒక పెద్ద ప్రొఫెసర్ రిటైరైపోయిన గదిని ఖాళీ చేస్తున్నారు. అల్మారాలు, కుర్చీలు వేలానికి పోవలసినవి. సామాను మోసే అటెండరు ఒకాయన ఒక అరలోని చిన్న డబ్బాను ఎత్తి, మళ్ళీ కింద పెట్టి, "సార్, ఇది ఇనుము బరువు కాదు, ఎవరన్నా చూడండి" అన్నాడు. ఆ గది వంక వెళ్ళిన నాకు కబురొచ్చింది. మీటరు పట్టుకుంటే ముల్లు లేచింది. లోపల పరికరాలు సరిచూసుకునే చిన్న సీజియం మూలం. పెద్ద ప్రమాదకరమైనది కాదు. కానీ దానికి కాగితం లేదు, తెచ్చినవారెవరో తెలియదు. పాత ఫైళ్ళు తిరగేసి, కొన్న వివరం పట్టుకొని, తిప్పి పంపడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఆ అటెండరు పదో తరగతి దాటలేదు. ఆయన దగ్గరున్న శాస్త్రం ఒక్కటే, చేతికి తెలిసిన బరువు. ఆ తర్వాత మేము శిక్షణకు శాస్త్రవేత్తలతో పాటు అటెండర్లను, ఊడ్చేవాళ్ళను, స్టోరు గుమాస్తాలను కూడా కూర్చోబెట్టడం మొదలుపెట్టాం.

చట్టం లేక కాదు. అణుశక్తి నియంత్రణ మండలి 1983 నుంచి ఉంది. రేడియోధార్మిక వ్యర్థాలను సురక్షితంగా పారవేయడానికి 1987లో నిబంధనలు వచ్చాయి, రేడియేషన్ రక్షణకు 2004లో. లైసెన్సు లేకుండా కొనకూడదు, భద్రతాధికారి లేకుండా వాడకూడదు, లెక్క చెప్పకుండా పారేయకూడదు. మాయాపురి తర్వాత పాత మూలాల కోసం విశ్వవిద్యాలయాల్లో వెతుకులాట జరిగింది. అయినా చట్టం అల్మారాను తెరిచి చూడదు. మనిషే చూడాలి.

మన పక్క కడప జిల్లాలోని తుమ్మలపల్లె సంగతి అడుగుతారని తెలుసు. అది వేరే లెక్క. అక్కడ యురేనియం ఖనిజాన్ని తవ్వి, శుద్ధి చేశాక మిగిలే బురదను పెద్ద చెరువులాంటి చోట నింపుతారు. ప్రయోగశాల వ్యర్థం సంచుల్లో ఉంటే, అది టన్నుల్లో ఉంటుంది. తమ బోరు నీళ్ళు, అరటి తోటలు చెడిపోయాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. ఎవరి పక్షమూ వహించకుండా ఒక్క మాట అంటాను. నీళ్ళ విలువ తెలిసిన నేల మనది. భూగర్భజలం దగ్గర చేసే ఏ పనికైనా కొలతలు ఎప్పటికప్పుడు బయటపెట్టాలి, రైతుకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. సంచికైనా టన్నుకైనా ఆ నియమం ఒక్కటే.

ఇక మీతో మూడు మనవులు.

గురువులకు: మూడు రెక్కల రేడియేషన్ గుర్తును పిల్లలకు చూపించండి. ఆ గుర్తు చాలామందికి తెలియదని గ్రహించి, 2007లో అంతర్జాతీయ సంస్థలు శక్తివంతమైన మూలాల కోసం ఇంకో గుర్తు తెచ్చాయి. ఎర్రని త్రికోణంలో రెక్కలు, పుర్రె, పరుగెత్తే మనిషి. భారత్‌తో సహా 11 దేశాల్లో జనానికి చూపించి, అర్థమవుతోందని తేలాకే ఖాయం చేశారు. చదువు రానివాళ్ళకూ తెలుస్తుంది. దాన్ని సైన్సు గది గోడ మీద గీయించండి. పిల్లలు ఇంటికి వెళ్ళి చెబితే చాలు, పాత సామాను బండివాడిదాకా పోతుంది.

కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, పరిశోధనశాలల్లో ఉన్న పూర్వ విద్యార్థులకు: సెలవు మీద ఊరికొచ్చారు, తిరిగి వెళ్ళాక మీ స్టోరు గది ఒకసారి తెరవండి. పాత రసాయన ప్రయోగశాలల్లో యురేనైల్ నైట్రేట్, థోరియం నైట్రేట్ సీసాలు దుమ్ము పట్టి ఉండడం వింత కాదు. దొరికితే తొట్టిలో పోయకండి, తోటలో పాతకండి. తలుపు మూసి, రాసిపెట్టి, భద్రతాధికారికి చెప్పండి. రిటైరయ్యేవాళ్ళు బీరువా తాళంతో పాటు లోపలున్న వాటి జాబితా కూడా అప్పగించండి.

వ్యాపారాల్లో ఉన్న తమ్ముళ్ళకు: ఎక్కడైనా ఆ గుర్తున్న వస్తువు, లేదా చిన్నదిగా ఉండి మోయలేనంత బరువున్న డబ్బా కనపడితే కోయకండి, కరిగించకండి, ఇంటికి తేకండి. దూరం జరిగి, ఇతరులను దగ్గరికి రానివ్వకుండా పోలీసులకు చెప్పండి. దూరం రెట్టింపైతే రేడియేషన్ నాలుగో వంతుకు పడిపోతుంది. పది అడుగులు వెనక్కి వేయడానికి డబ్బులేమీ ఖర్చు కావు.

భయపడి ఈ శాస్త్రాన్ని వదిలేయమని నేను అనను. క్యాన్సర్ రోగికి చికిత్స, కోర్టులో సాక్ష్యం, విత్తనాల పరిశోధన, అన్నీ దీంతో నడుస్తున్నాయి. ఈ బడి పిల్లల్లో ఒకరిద్దరు ఆ దారిలో వెళ్ళాలనే నా కోరిక. వెళ్ళినవాళ్ళు ప్రయోగం ఎలా చేయాలో నేర్చుకునే రోజునే, మిగిలినదాన్ని ఎక్కడ పెట్టాలో కూడా అడిగి తెలుసుకోవాలి.

మా బ్యాచ్ తరఫున బడి సైన్సు గదికి ఒక గీగర్ కౌంటర్ తెచ్చాను. రేపు ఉదయం పది గంటలకు తొమ్మిది, పది తరగతుల పిల్లలకు దాన్ని ఎలా వాడాలో చూపిస్తాను. ఎవరింట్లోనైనా పాత పెట్రోమాక్స్ మాంటిల్ ప్యాకెట్టు ఉంటే, విప్పకుండా తీసుకురండి. కౌంటర్ ఏమంటుందో అందరం కలిసి విందాం.